మేనరికం పెళ్లి విదేశాల్లో చెల్లుతుందా? తాంబూలాలకు ముందు ఏం చూసుకోవాలి?

బ్రాడీపేట_వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒకే కుటుంబంలో రెండు సంబంధాలు మాట్లాడుకుంటున్నారు. మొదటి అబ్బాయి హ్యూస్టన్‌లో హెచ్‌1బీ మీద ఉన్నాడు, అమ్మాయి విజయవాడలో ఉన్న సొంత మేనమామ కూతురు. రెండో అబ్బాయి లండన్‌లో, అమ్మాయి సొంత అక్క కూతురు, తెనాలి. మన దగ్గర రెండూ కుదిరే వరసలే. పెద్దవాళ్లు శ్రావణంలో తాంబూలాలు అంటున్నారు.

ఇక్కడ చేసుకున్న పెళ్లిని అక్కడి చట్టం ఒప్పుకుంటుందా? అసలు మన హిందూ వివాహ చట్టమే దగ్గరి రక్తసంబంధం కూడదంటుందని ఒకరన్నారు, నిజమేనా? పుట్టబోయే పిల్లల కోసం ముందే చేయించాల్సిన పరీక్షలేమిటి? కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వస్తే సెలవులు ఎలా కుదురుతాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. “మా తాతల నాటి నుంచీ చేసుకుంటున్నాం, ఎవరికేమైంది” అనే జవాబులు మాత్రం వద్దు, అవి ఇంట్లోనే బోలెడు దొరుకుతున్నాయి.

గవర్నర్‌పేట_వకీలు

మీతో అన్నవాళ్లు నిజమే చెప్పారండీ, కాకపోతే సగమే చెప్పారు.

1955 హిందూ వివాహ చట్టం సెక్షన్‌ 5లో నాలుగో షరతు నిషిద్ధ బంధుత్వం, ఐదో షరతు సపిండ బంధుత్వం, అంటే కొన్ని తరాల లోపు ఇద్దరికీ ఒకే పూర్వీకుడు ఉండటం. ఈ రెండూ ఉండకూడదు. నిషిద్ధ జాబితాలో మేనమామ–మేనకోడలు ఉన్నారు. అన్నాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు కూడా ఉన్నారు. అంటే మేనత్త కూతుర్నీ పెదనాన్న కూతుర్నీ చట్టం ఒకే గాటన కట్టింది. మనకి ఒకరు మరదలు, ఒకరు చెల్లెలు. ఆ తేడాని చట్టంలోకి తెచ్చేది రెండు షరతుల్లోనూ ఉన్న మినహాయింపు: ఇద్దరికీ వర్తించే ఆచారం అనుమతిస్తే ఆ పెళ్లి చెల్లుతుంది.

సపిండం లెక్క ఇలా వేయాలి. మనిషిని ఒకటిగా పెట్టుకుని పైకి ఎక్కాలి. తల్లి వైపు 3 తరాలు, తండ్రి వైపు 5 తరాలు. మీ మొదటి సంబంధంలో అబ్బాయి 1, తల్లి 2, తల్లి తండ్రి 3. అమ్మాయి 1, తండ్రి 2, తండ్రి తండ్రి 3. ఇద్దరికీ తాతగారు ఒకరే, ఇద్దరి హద్దులోనూ ఉన్నారు, కాబట్టి సపిండులే. అక్క కూతురి విషయంలో ఇంకా దగ్గర: అబ్బాయికి రెండో మెట్టులోనే తండ్రి, అమ్మాయికి మూడో మెట్టులో ఆయనే తాత. రెండు పెళ్లిళ్లూ ఆచారం మీదే నిలబడతాయి.

సెక్షన్‌ 3 ప్రకారం ఆ ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా నడుస్తూ ఉండాలి. అస్పష్టంగా ఉండకూడదు. కుటుంబానికే పరిమితమైన ఆచారమైతే మధ్యలో ఆగిపోయి ఉండకూడదు. కోస్తాలో మేనరికాన్ని పెళ్లిపీటల దగ్గర ఎవరూ ప్రశ్నించరు. అది బయటికొచ్చేది ఆస్తి తగాదాలోనో విడాకుల కేసులోనో. అప్పుడు ఆచారం ఉందని చెప్పేవాళ్లే రుజువు చేసుకోవాలి. అందుకని ఇరువైపులా ఇంతకుముందు జరిగిన మేనరికాల శుభలేఖలు, ఫొటోలు, రిజిస్ట్రేషన్‌ పత్రాలు ఒకచోట పెట్టుకోండి. ఆచారం రుజువు కాకపోతే సెక్షన్‌ 11 కింద పెళ్లి చెల్లదు, సెక్షన్‌ 18 కింద నెల వరకు సాధారణ జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జైలు మాట పక్కన పెట్టండి, పెళ్లి చెల్లకపోతే భార్యగా వచ్చే వారసత్వం పోతుంది. అసలు దెబ్బ అదీ.

గోత్రం సంగతి కూడా చెప్పేస్తాను, తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు. మేనరికంలో గోత్రాలు వేరు కాబట్టి పురోహితుడికి అభ్యంతరం ఉండదు. సగోత్రం అయినా చట్టానికి పట్టింపు లేదు, ఆ అడ్డు 1946లోనే తీసేశారు.

దూరపు_చుట్టం

విదేశాల భాగం నేను చెబుతాను. “విదేశాల్లో” అని ఒక్క మాటలో అడిగితే జవాబు ఉండదండీ. దేశాన్ని బట్టి, అమెరికాలో అయితే రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

హ్యూస్టన్ అన్నారు కదా, కష్టమైన చోటే తగిలింది. టెక్సస్‌లో మేనమామ, మేనత్త, పెదనాన్న, పిన్ని పిల్లలెవరికైనా పెళ్లి లైసెన్సు ఇవ్వరు. 2005 నుంచి అలాంటివారి మధ్య శారీరక సంబంధం అక్కడి శిక్షాస్మృతిలో నేరం కూడా. కాలిఫోర్నియా, న్యూయార్క్‌, న్యూజెర్సీ, ఫ్లోరిడా, జార్జియా, వర్జీనియాలలో ఇదే పెళ్లికి ఏ అడ్డూ లేదు. ఒహాయో, మిషిగన్‌, పెన్సిల్వేనియా, వాషింగ్టన్‌ రాష్ట్రాల్లో కుదరదు. ఇల్లినాయ్‌లో ఇద్దరూ 50 ఏళ్లు దాటాలి, లేదా ఒకరికి పిల్లలు పుట్టరని డాక్టరు రాసివ్వాలి. అరిజోనాలోనూ ఇలాంటి షరతే, వయసు 65.

వీసా దగ్గర మొదట చూసేది పెళ్లి జరిగిన చోట అది చెల్లుతుందా అని. ఆ తర్వాత కాపురం పెట్టబోయే రాష్ట్రం దాన్ని నేరంగానో, చెల్లనిదిగానో చూస్తుందా అన్నది కూడా లెక్కలోకి రావచ్చు. ఇంటర్వ్యూలో “పెళ్లికి ముందే చుట్టాలా?” అంటే ఉన్నదున్నట్టు చెప్పాలి. దాచి దొరికితే తప్పుడు సమాచారం ఇచ్చారని ప్రవేశమే శాశ్వతంగా మూసేయవచ్చు. మేనరికం వల్ల వచ్చే చిక్కు కంటే అది పెద్దది. ఈ సంబంధంలో తాంబూలాల కన్నా ముందు తేల్చుకోవాల్సింది, అబ్బాయి ఉద్యోగాన్ని కాలిఫోర్నియాకో న్యూజెర్సీకో మార్చుకోగలడా అన్నది. టెక్సస్‌లోనే ఉంటానంటే అక్కడి ఫ్యామిలీ లాయర్‌కి ఫీజు కట్టి రాతపూర్వకంగా సలహా తీసుకోమనండి, ఊరకే ఫోన్లో కనుక్కుంటే చాలదు.

ఇక లండన్‌. బ్రిటన్‌లో మేనమామ కూతుర్ని చేసుకోవచ్చు, అక్క కూతుర్ని కూడదు. వయసు కూడా ఇంగ్లండ్‌, వేల్స్‌లలో 2023 ఫిబ్రవరి నుంచి ఇద్దరికీ 18. అయితే బయట జరిగిన పెళ్లిని వాళ్లు వేరే కొలతతో చూస్తారు: పెళ్లినాటికి ఒక్కొక్కరి స్థిరనివాసం ఏ దేశం, ఆ దేశం ఒప్పుకుంటుందా అని. కైరోలో జరిగిన ఒక యూదుల మేనమామ–మేనకోడలి పెళ్లిని ఇంగ్లండ్‌ కోర్టు 1960లలో గుర్తించింది. కాబట్టి అబ్బాయి ఇంకా ఇండియా స్థిరనివాసిగా ఉంటే దారి ఉంది. అక్కడే శాశ్వతంగా ఉండిపోవాలని స్థిరపడ్డాడనో, బ్రిటిష్‌ పౌరసత్వం తీసేసుకున్నాడనో అయితే చిక్కే.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ చట్టాలు ఆపేది నేరుగా పైకీ కిందికీ ఉన్న సంబంధాల్నీ, తోబుట్టువుల్నీ మాత్రమే. అక్క కూతురితో పెళ్లి అక్కడ నిషేధం కాదు. ఫ్రాన్స్‌లో కూడదు, కానీ బలమైన కారణం ఉంటే దేశాధ్యక్షుడు మినహాయింపు ఇవ్వవచ్చు. అమెరికాలోని రోడ్‌ ఐలండ్‌లో యూదులకు వాళ్ల మతం ఒప్పుకునే వరసల్లో మినహాయింపు ఉంది. జపాన్‌లో మేనమామ పిల్లలతో సరే, మేనమామతో కాదు. చైనాలో రెండూ నిషేధం. నార్వే పార్లమెంటు 2024లో కజిన్ల పెళ్లిని నిషేధించింది. కొరియా మరీ దూరం వెళ్లింది. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉంటే పెళ్లి కూడదనే నియమం ఉండేది, అచ్చం మన సగోత్రం లాంటిది. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1997లో దాన్ని తప్పుబట్టింది, 2005లో చట్టం మారింది. ఎనిమిదో అంచె లోపు చుట్టరికం ఉంటే మాత్రం ఇప్పటికీ కూడదు (అంచె అంటే ఒకరి నుంచి ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎక్కి, రెండోవారి దాకా దిగితే వచ్చే మెట్ల లెక్క). ఆ లెక్కన మేనమామ కూతురు నాలుగో అంచె, అంటే నిషేధం లోపలే.

బ్రాడీపేట_వాసి

చాలా ఉపయోగపడింది. గుడిలో పెళ్లి మానేసి స్పెషల్‌ మ్యారేజ్‌ యాక్ట్‌ కింద చేసుకుంటే ఈ ఆచారం గొడవ తప్పుతుందా?

గవర్నర్‌పేట_వకీలు

తప్పదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం మొదటి షెడ్యూల్లో వరుడికి 37, వధువుకి 37 బంధుత్వాలు రాసి ఉన్నాయి. మేనత్త కూతురు, మేనమామ కూతురు, అక్క కూతురు అందులో ఉన్నారు. ఇద్దరిలో ఒకరికైనా ఆచారం ఉంటే చాలు అని 1963లో చేర్చారు, అంతవరకే వెసులుబాటు. పైగా ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివాసం ఉండాలి, నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి. మూడు వారాల సెలవుల మీద దిగే అబ్బాయిలు దెబ్బతినేది ఇక్కడే.

మీరు సంప్రదాయంగానే చేసి, తర్వాత సబ్‌ రిజిస్ట్రార్‌ దగ్గర నమోదు చేయించండి. సప్తపది వీడియోలో స్పష్టంగా రావాలి. తంతు జరగకుండా కేవలం రిజిస్ట్రేషన్‌ పత్రంతో హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. పత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. టెన్త్‌ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ముందే సరిచేయించండి. ఆ తర్వాత రాష్ట్రస్థాయి ధ్రువీకరణ, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్‌, అంటే పత్రం విదేశాల్లో చెల్లడానికి వేసే ముద్ర. దుబాయ్‌ లాంటి చోట్లకి అపోస్టిల్‌ పనికిరాదు, ఆ దేశపు ఎంబసీ ముద్ర కావాలి.

వన్‌టౌన్_పాఠకుడు

హిందూ చట్టం బయట ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ముస్లింలలో పెదనాన్న, చిన్నాన్న, పిన్ని పిల్లలతో కూడా నికాహ్‌ చెల్లుతుంది. మేనకోడలితో ఎట్టి పరిస్థితిలోనూ కాదు. ఒకే తల్లి పాలు తాగి పెరిగినవాళ్ల మధ్య కూడా కాదు, ఇది చాలామంది మర్చిపోతారు. కథోలికుల్లో మేనరికం నాలుగో అంచె, మామూలుగా చెల్లదు. విచారణ గురువు (మీ చర్చి ఫాదర్‌) ద్వారా బిషప్‌ గారికి దరఖాస్తు పెట్టి మినహాయింపు తెచ్చుకోవాలి. పెళ్లి ప్రకటనలు చదవడం మొదలయ్యాక పెడితే ముహూర్తం దాటిపోతుంది.

జన్యుసలహా_గుంటూరు

మూడో ప్రశ్నకి. మేనమామ కూతురితో జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి, అక్క కూతురితో నాలుగో వంతు. మామూలు జంటల్లో పుట్టుకతో లోపాలు నూటికి 2–3 ఉంటే, మొదటి రకంలో దాదాపు రెట్టింపు. అక్క కూతురి విషయంలో అంతకన్నా ఎక్కువ. తాతలదీ మేనరికం, తండ్రిదీ మేనరికం అయితే ఈ లెక్కలు ఇంకా పైకి పోతాయి. అందుకే మొదటి పని రక్తపరీక్ష కాదు, మూడు తరాల వంశవృక్షం గీయడం. గర్భస్రావాలు, పురిట్లో పోయిన బిడ్డలు, పుట్టు చెవుడు, చూపు లేకపోవడం, బుద్ధిమాంద్యం, కండరాల బలహీనత ఎవరికున్నా రాయాలి. “వాడికి చిన్నప్పుడు జ్వరమొచ్చి అలా అయింది” అని కొట్టేసేవి కూడా రాయండి, అసలు సమాచారం తరచుగా అక్కడే ఉంటుంది.

తర్వాత ఇద్దరికీ సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్‌ పద్ధతిలో హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) పరీక్ష. అది 3.5 శాతం దాటితే బీటా తలసీమియా (తీవ్ర రక్తహీనత తెచ్చే జన్యు జబ్బు) వాహకులని, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ జన్యువు మోస్తున్నవాళ్లని అనుమానించాలి. ఇనుము తక్కువగా ఉంటే ఈ అంకె తగ్గి మామూలుగా కనిపిస్తుంది, కాబట్టి రక్తహీనత ఉంటే అది సరిచేశాక మళ్లీ చేయించాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ 25 శాతం ప్రమాదం. మొదటి బిడ్డకి వచ్చింది కదా ఇక రెండోవారికి రాదనుకోవడం తప్పు. ఇంట్లో ఇప్పటికే జబ్బున్న బిడ్డ ఉంటే ముందు ఆ బిడ్డకే జన్యుపరీక్ష. ఏ మార్పు కోసం వెతకాలో తెలియకుండా జంటకి చేస్తే దొరక్కపోవచ్చు.

గర్భం వచ్చాక గడువులు ముఖ్యం. ఎన్‌టీ స్కాన్‌ (కడుపులో బిడ్డ మెడ వెనక ద్రవం కొలిచేది) 11 నుంచి 13 వారాల 6 రోజుల మధ్య. మాయ నుంచి ముక్క తీసే పరీక్ష 11–13 వారాల్లో, ఉమ్మనీటి పరీక్ష 16 వారాల ప్రాంతంలో. వీటికి ఫారం జీ అనే ఒప్పుకోలు పత్రం మీద సంతకం తీసుకుంటారు, ఆడో మగో చెప్పరు, అడగకూడదు. మన దగ్గర 2021 సవరణ తర్వాత గర్భవిచ్ఛిత్తికి 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని వర్గాలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు. బిడ్డలో తీవ్ర లోపం ఉంటే 24 దాటినా మెడికల్‌ బోర్డు అనుమతించవచ్చు. బ్రిటన్‌లో కూడా తీవ్ర లోపానికి గడువు లేదు. టెక్సస్‌లో 2022 నుంచి తల్లికి ప్రమాదమైతే తప్ప అవకాశమే లేదు, బిడ్డలో లోపం కారణంగా చెల్లదు. అందుచేత హ్యూస్టన్ జంట వాహక పరీక్షలు గర్భానికి ముందే ముగించుకోవాలి, తర్వాత చూద్దాం అనడానికి అక్కడ వీల్లేదు.

బిడ్డ పుట్టాక ఇంటికి పంపేలోపు వినికిడి పరీక్ష, రెండు మూడు రోజులకు మడమ రక్తపు చుక్క పరీక్ష అడిగి చేయించుకోండి.

లబ్బీపేట_బాలింతల_సలహా

పుట్టింటి కాన్పు మనకొక్కరికే అనుకోకండి, జపాన్‌లో కూడా ఆడపిల్లలు కాన్పుకి పుట్టింటికి వెళ్లే అలవాటుంది. మన పురుడు 11 రోజులు, కొరియాలో 21, చైనాలో నెల. పథ్యంలోనే తేడా. కొరియాలో బాలింతకి పూటపూటా సముద్రపు నాచు సూప్‌ పోస్తారు. మన ఇళ్లలో కాయం పెట్టి మంచినీళ్లు తగ్గిస్తారు. కాయం సరే, నీళ్లు తగ్గించడం వల్ల మలబద్ధకం, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు. అది మాత్రం పెద్దవాళ్లతో గట్టిగా చెప్పండి.

సెలవుల మాటకొస్తే, బ్రిటన్‌లో 52 వారాల సెలవు, ప్రసవానికి 11 వారాల ముందు నుంచి తీసుకోవచ్చు. అర్హత ఉంటే 39 వారాలు డబ్బు వస్తుంది, మొదటి 6 వారాలు జీతంలో 90 శాతం. పుట్టింటికి హాయిగా సరిపోతుంది. అమెరికాలో ఫెడరల్‌ చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. సంస్థలో 50 మంది ఉండాలి, అక్కడ ఏడాదిగా ఉద్యోగంలో ఉండి, ఆ ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి. మన దగ్గర మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, అందులో ప్రసవానికి ముందు 8 వారాలకి మించకూడదు. విమానాల వాళ్లు సాధారణంగా 28 వారాల నుంచి డాక్టరు ఉత్తరం అడుగుతారు, 36 దాటాక ఎక్కించుకోరు. కాబట్టి తొమ్మిదో నెలలో సీమంతం చేసి తెచ్చుకుందామంటే కుదరదు, ఏడో నెలలోనే బయల్దేరాలి.

ఇక్కడ పుడితే 21 రోజుల్లో జనన నమోదు. బారసాల ఇంకా కాలేదని ఆగొద్దు, పేరు ఖాళీగా వదిలి నమోదు చేయించి, ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌ చేతికొచ్చాకే బిడ్డ పాస్‌పోర్టు, ఆ తర్వాతే వీసా. తండ్రి సెలవు ఎన్నాళ్లో చూసుకుని తిరుగు టికెట్‌ వేసుకోండి.