గణితానుగమనంలో ఆధార సందర్భాలు ఎన్ని తీసుకోవాలి?

గుంటూరులో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదువుతున్న నాకు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ మొదలై మూడు వారాలైంది. 12 రూపాయలు, ఆపైన ఏ పూర్ణ మొత్తాన్నైనా 4, 5 రూపాయల తపాలా బిళ్ళలతోనే కూర్చవచ్చని స్ట్రాంగ్ ఇండక్షన్ పద్ధతిలో (అంటే ఒక మొత్తానికి చూపేటప్పుడు, మొదటిదాని నుంచి దానికి ముందున్న మొత్తాలన్నిటికీ నిజమని అనుకొని) నిరూపించాలి. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేర్చుకున్నట్టే ఆధార సందర్భంగా, అంటే నేరుగా సరిచూసే మొదటి విలువగా, 12 ఒక్కదాన్నే సరిచూసి, ఆపై ప్రతి మొత్తానికీ అంతకు 4 తక్కువైనదాన్ని తీసుకొని ఒక 4 రూపాయల బిళ్ళ చేర్చాను; అయితే 15 దగ్గరికి వచ్చేసరికి 11 కావలసి వచ్చింది, అది ఈ బిళ్ళలతో రానే రాదు. 12, 13, 14, 15 నాలుగింటినీ విడిగా చూపితే నిరూపణ నిలిచింది. 3, 5 బిళ్ళలతో 8 నుంచి మొదలయ్యే లెక్కలో మాత్రం మూడే చాలాయి. తప్పు బయటపడ్డాక కాక, నిరూపణ మొదలుపెట్టక ముందే ఆధార సందర్భాల సంఖ్యను నిర్ణయించడం ఎలా?