కాడ్ చేపల్ని వేరుచేసే జన్యు గుర్తు లాంటిది మన పులసకి పనికొస్తుందా?

మాది బరంపురం, గంజాం జిల్లా. ఎమ్మెస్సీ జువాలజీ సెమినార్‌కి నార్వే కాడ్ చేపలు తీసుకున్నాను, ఒకచోట ఇరుక్కుపోయాను.

బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నార్వే తీరంలోని లోఫోటెన్ దీవుల వైపు వచ్చే వలస కాడ్, ఫియర్డుల్లోనే (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోనే) తిరిగే తీరపు కాడ్ అక్కడ ఒకే వలలో పడతాయి. వేరు చేయడానికి చెవిరాయిలోని (చేప లోపలి చెవిలో ఉండే గట్టి రాయిలోని) వలయాలు చూస్తారు, లేదా పాన్-ఒకటి అనే జన్యువు. వలస కాడ్‌లో దాని బి రూపం ఎక్కువ, తీరపు కాడ్‌లో ఎ రూపం. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ జన్యువు క్రోమోజోమ్‌లో తిరగబడిన ముక్కలో ఉంది, పైగా దాని మీద ప్రకృతి వరణం పనిచేస్తోంది. మైక్రోశాటిలైట్లతో (డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న ముక్కలతో) చూస్తే తేడా చాలా తక్కువ. మరి వీటిని రెండు స్టాకులు (విడివిడిగా సంతానం పెంచుకునే మందలు) అనాలా, లేక లోతుకి, వలసకి అలవాటుపడ్డ తేడా మాత్రమేనా? మా సార్ "రెండూ రాసెయ్" అన్నారు. వైవాలో అది నడుస్తుందా చెప్పండి!

ఇంకోటి. చిలికాకి వచ్చే ఇలిశి, గోదావరి పులస ఒకటే జాతి. మందలు వేరా అని తేల్చాలంటే మైటోకాండ్రియా డీఎన్ఏ సీక్వెన్స్ చాలా, ఎస్‌ఎన్‌పీలు (డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాలు) కావాలా? గోపాల్‌పూర్‌లో వేటకెళ్లే మా మావయ్య రెక్క ముక్కలు ఇస్తానన్నాడు. అవి మామూలు సర్జికల్ స్పిరిట్‌లో ఉంచితే డీఎన్ఏ నిలుస్తుందా? ఈ పని చేసినవాళ్లెవరైనా చెప్పండి.