ఖర్చులు పెరిగాయి, మీరే భరిస్తున్నారా, కస్టమర్ మీద వేస్తున్నారా?

అచ్చుపని:
చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. కాగితం పెరిగింది, ఇంకు పెరిగింది, కరెంటు బిల్లు సరే సరి, పనివాళ్లు జీతం పెంచమంటున్నారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల ఇంట్లోనూ అవే ధరలు కదా. నా రేటు కార్డు మాత్రం పాతదే. పెంచితే ఉన్న గిరాకీ పక్కవాడి దగ్గరికి పోతుందేమోనని టెన్షన్, పెంచకపోతే నెలాఖరుకి చేతిలో మిగిలేది ఏమీ ఉండట్లేదు. వేరే వ్యాపారాల్లో ఉన్నవాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి. "క్వాలిటీ ఇస్తే కస్టమర్ ఎక్కడికీ పోడు" లాంటివి మాత్రం వద్దు, రోజూ వింటూనే ఉన్నాను.

లెక్కలపద్దు:
నేను చిన్న వ్యాపారాలకి అకౌంట్స్ రాస్తాను. చాలామంది భయపడటమే తప్ప లెక్క వేసుకోరు, అందుకే ముందు లెక్క. 100కి చేసే పనిలో కాగితం 40, మిగతా ఖర్చులన్నీ కలిపి 45, మీకు మిగిలేది 15 అనుకుందాం. కాగితం 10 శాతం పెరిగింది. పదేగా, సర్దుకుందాం అనిపిస్తుంది. కానీ పెరిగిన ఆ 4 పోయేది మీ 15లోంచి, అంటే లాభంలో నాలుగోవంతుకి పైనే ఎగిరిపోయింది.

ఇప్పుడు రేటు 104 చేశారనుకోండి. అద్దె, జీతాలు ఆర్డర్లు తగ్గినా కట్టాల్సినవే కాబట్టి ఆ 45 కదలదు. రేటు పెంచకపోతే ఒక్కో పనిమీద కాగితం ఖర్చు పోను 56 వస్తుంది, పెంచితే 60. అంటే ప్రతి 100 ఆర్డర్లలో ఆరు పోయినా మీరు ఇప్పటికన్నా కిందకి దిగరు. ఏడోది పోతేనే నష్టం. నాలుగు శాతం పెంచినందుకు నూటికి ఏడుగురు వెళ్లిపోతారా? మీ కస్టమర్లు మీకే బాగా తెలుసు. మీ అసలు అంకెలు వేసుకుని చూడండి, కాగితం వాటా తక్కువైతే జవాబు మారుతుంది.

హోల్‌సేల్_కొట్టు:
లెక్క బాగుంది గానీ దానికన్నా ముందు ఒక ప్రశ్న ఉంది అన్నా. పెరిగింది మీ ఒక్కరికేనా, లైన్‌లో ఉన్న అందరికీనా? కాగితం అందరికీ పెరుగుతుంది, కాబట్టి పక్కవాడూ ఇవాళో రేపో పెంచక తప్పదు, ఎవరు ముందు పెంచుతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు అంతే. అదే మీ షాపు ఓనర్ మీకు మాత్రమే అద్దె పెంచాడనుకోండి, పక్కవాడికి ఆ బాధ లేదు, మీరు రేటు పెంచితే అతనికి పండగ. అందుకే నేను అందరికీ పెరిగినవి రేటులో వేస్తాను, నాకు మాత్రమే పెరిగినవి నేనే మింగుతాను. మింగలేనంత పెరిగితే షాపు మార్చాలి గానీ రేటు మార్చి లాభం లేదు.

మామూలు_కస్టమర్:
మీరంతా వ్యాపారులు, నేను కొనేవాణ్ణి, నా గోడు కూడా వినండి. ధర పెరుగుతుందని వార్త వచ్చిన మర్నాడే షాపులో రేటు మారిపోతుంది. అది పాత స్టాక్ అని డబ్బా మీద తేదీ చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, పాత రేటుకి కొన్న సరుకు. దానికి కొత్త రేటు ఏ లెక్కన వేస్తారు?

హోల్‌సేల్_కొట్టు:
ఆ డబ్బా అమ్మిన డబ్బుతోనే నేను మళ్లీ డబ్బా కొనాలి సార్. పాత రేటుకి అమ్మితే ఆ డబ్బుతో ముప్పావు డబ్బానే వస్తుంది అనుకోండి, నాలుగు తిప్పులు తిరిగేసరికి అరల్లో సరుకు సగానికి పైగా తగ్గిపోతుంది. నాకు లాభం కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ మధ్య కాదు, అమ్మిన రేటుకీ మళ్లీ కొనే రేటుకీ మధ్య ఉంటుంది.

మామూలు_కస్టమర్:
సరే, ఒప్పుకుంటాను. మరి ధర తగ్గినప్పుడు అదే నోటితో "ఇది పాత స్టాక్ అండీ, ఎక్కువకి కొన్నాం, అయిపోయాక తగ్గిస్తాం" అంటారేం? అప్పుడు మళ్లీ కొనే రేటు ఎక్కడికి పోయింది?

హోల్‌సేల్_కొట్టు:
😀 దీనికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కలపద్దు:
ఇది మన షాపుల్లోనే కాదు, అన్నిచోట్లా ఉన్న గొడవే. 1991లో రాబర్ట్ బేకన్ అనే ఆయన బ్రిటన్ పెట్రోలు ధరల మీద చేసిన పరిశీలన ఉంది. ముడి చమురు పెరిగితే బంకు రేటు రాకెట్‌లా లేస్తుంది, తగ్గితే ఈకలా దిగుతుంది అని ఆయన అన్నది ఇప్పటికీ చెప్పుకుంటారు. 2000లో శామ్ పెల్ట్‌స్‌మన్ అనే ఆర్థికవేత్త చాలా రకాల సరుకులు తీసుకుని చూసినా సగటున అదే కనిపించింది, మూడింట రెండు వంతుల సరుకుల్లో పెరిగేటప్పుడు ఉన్న వేగం తగ్గేటప్పుడు లేదు. కొనేవాడు రేటు పెరిగినప్పుడు నాలుగు షాపులు తిరుగుతాడు, కాస్త తగ్గగానే తిరగడం మానేస్తాడు, ఇక అమ్మేవాడికి తొందరేముంది అని ఒక వివరణ. నాకు అది నిజమే అనిపిస్తుంది.

కత్తెర_దువ్వెన:
నాది సెలూన్. మా లైన్‌కి సంబంధించి ఫిన్లాండ్ కథ ఒకటి ఉంది. అక్కడ 2007లో సెలూన్ల మీద వ్యాట్ 22 నుంచి 8 శాతానికి దించారు, మళ్లీ 2012లో 23 చేశారు. పన్ను తగ్గినప్పుడు కస్టమర్‌కి అందింది ఎంతో, పెంచినప్పుడు కస్టమర్ మీద పడింది దానికి సుమారు రెట్టింపు అని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే నన్ను అడిగినా అదే చేసేవాణ్ణి!

నా పద్ధతి మాత్రం వేరు. ఏటా ఒకే నెలలో కొంచెం పెంచుతాను, నెల ముందే అద్దం పక్కన కాగితం అంటిస్తాను. కస్టమర్ కుర్చీలో కూర్చుంటే కళ్లు అటే పోతాయి, పని అయ్యేదాకా వేరే చూడటానికి ఏమీ ఉండదు. బిల్లు ఇచ్చేటప్పుడు చెప్తే గొడవ, ముందే చెప్తే "అలాగా" అని ఊరుకుంటారు. ఏళ్ల తరబడి పెంచకుండా ఉండి ఒక్కసారిగా వేసే షాపులకే తిట్లు ఎక్కువ పడతాయి, వాళ్లు మొత్తమ్మీద నాకన్నా తక్కువే పెంచినా సరే.

కొనుగోళ్ల_విభాగం:
నేను అవతలి వైపు. ఒక ఫ్యాక్టరీకి సరుకు కొనిపెట్టడం నా ఉద్యోగం. సప్లయర్ల నుంచి ఉత్తరాలు ఎప్పుడూ ఒకేలా వస్తాయి, "ముడిసరుకైన ఉక్కు 20 శాతం పెరిగినందున మా ధరలు 20 శాతం సవరిస్తున్నాం." నేను ఫోన్ చేసి ఒకటే అడుగుతాను, మీ వస్తువులో ఉక్కు వాటా ఎంత అని. 30 శాతం అంటే పెరగాల్సింది 6 శాతం. మిగతా 14 దేనికి? అటువైపు కాసేపు మాట ఉండదు, తర్వాత "రవాణా కూడా సార్" అంటాడు, సరే దానికీ కాగితం చూపించమంటాను. చూపించినవాడికి ఇచ్చేస్తాను, నిజంగా, బేరం కూడా ఆడను. వాడు మునిగిపోతే రేపు లైన్ ఆగేది మాదే.

కాబట్టి అచ్చుపని గారూ, పెద్ద కస్టమర్లకి రాసేటప్పుడు "అన్నీ పెరిగాయి" అని రాయకండి. కాగితం ఇంత, కరెంటు ఇంత అని విడివిడిగా రాయండి. నాలాంటివాడికి పై ఆఫీసర్‌కి చూపించడానికి ఏదో ఒక కాగితం కావాలి, మా అభ్యంతరం సగం అక్కడే ఉంటుంది.

స్టీరింగ్:
మాది సరుకు రవాణా. డీజిల్ రోజూ మారుతుంటే రేటు కార్డు రోజూ అచ్చు వేయలేం కదా. అందుకని బిల్లులో ఇంధన సర్‌చార్జి అని వేరే వరుస పెడతాం. ఒప్పందం రోజు డీజిల్ రేటు పునాది, అక్కడి నుంచి అది కదిలినదాన్ని బట్టి సర్‌చార్జి కదులుతుంది. దిగినప్పుడు కూడా దించుతాం, దించకపోతే పార్టీ ఆడిటర్ పట్టుకుంటాడు. టైర్లు, డ్రైవర్ బత్తా, రిపేర్లు ఈ వరుసలోకి రావు, అవి మేమే మోస్తాం, రిటర్న్ లోడ్ దొరికితే పూడుతుంది, దొరక్కపోతే లేదు. ఖాళీ బండి వెనక్కి రావడం కన్నా పెద్ద నష్టం మా లైన్‌లో ఇంకోటి లేదు.

కోడ్‌రాసేవాడు:
ఫ్రీలాన్స్ పని చేస్తాను, ముడిసరుకు నా టైమే కాబట్టి ఖర్చు పెరిగిందని చూపించడానికి బిల్లు కూడా ఉండదు. కొత్తగా వచ్చేవాళ్లకి కొత్త రేటు చెప్తాను. వాళ్లు కిక్కురుమనకుండా ఒప్పుకుంటున్నారంటే రేటు మార్కెట్‌లో నడుస్తున్నట్టే, అప్పుడు పాతవాళ్లకి కాంట్రాక్ట్ రెన్యువల్ టైమ్‌లో చెప్తాను. పాతవాళ్లతో మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు, మొహమాటం ఒకటి అడ్డొస్తుంది.

మామూలు_కస్టమర్:
ఇక్కడ అందరూ రేటు గురించే మాట్లాడుతున్నారు. రేటు ముట్టుకోకుండా నా మీద వేసేవాళ్ల సంగతేంటి? ప్యాకెట్ అదే, ధర అదే, లోపల బరువు తగ్గింది. ఉచిత డెలివరీకి కనీస బిల్లు పెరిగింది. వారంటీ కుదించారు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తే మనుషులు తగ్గారు. "మా ఖర్చులు పెరిగినా ధర పెంచలేదు" అని బోర్డు మాత్రం పెద్దది పెడతారు. చెప్పి పెంచినవాడే నయం, వాడితో కనీసం దెబ్బలాడొచ్చు.

లెక్కలపద్దు:
ఫ్రాన్స్‌లో దీనికి రూల్ పెట్టారు. 2024 జులై 1 నుంచి, పరిమాణం తగ్గి కిలోకో లీటరుకో లెక్కేస్తే ధర పెరిగిన సరుకు అయితే, పెద్ద షాపులు ఆ విషయం చెప్పే నోటీసు రెండు నెలలు కనిపించేలా పెట్టాలి.

ఇంకో తమాషా చెప్తాను. 2018లో అమెరికా దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేసింది. వాటి ధర సుమారు 12 శాతం పెరిగింది, అది అనుకున్నదే. బట్టలు ఆరబెట్టే డ్రైయర్ల మీద సుంకమే లేదు, వాటి ధరా దాదాపు అంతే పెరిగింది. అక్కడ రెండూ జంటగా కొంటారు, కంపెనీలు భారాన్ని రెండింటి మీదా పంచేశాయి. దేని ధర పెరిగిందో చూసి దేని ఖర్చు పెరిగిందో చెప్పలేం.

కత్తెర_దువ్వెన:
అచ్చుపని అన్నా, భయం సంగతి. 1986లో కానెమన్, నెట్ష్, థేలర్ అని ముగ్గురు ఒక సర్వే చేశారు. మంచు తుఫాను మర్నాడు షాపువాడు మంచు తీసే పారల రేటు పెంచితే ఎలా ఉంటుందని అడిగితే 82 శాతం మంది అన్యాయం అన్నారు. అదే టోకు ధర పెరిగి, ఆ మేరకు పెంచిన షాపువాణ్ణి మాత్రం ఎక్కువమంది తప్పు పట్టలేదు. జనానికి కోపం పెంచినందుకు కాదు, తమ అవసరం చూసి పెంచాడనిపిస్తే వస్తుంది. మీది కాగితం ఖర్చు, చూపించుకోవచ్చు.

అచ్చుపని:
అందరికీ థ్యాంక్స్. లెక్కలపద్దు గారి లెక్క నా అంకెలతో వేశాను, నా దగ్గర కాగితం వాటా ఇంకా ఎక్కువ, కాబట్టి పెంచకుండా కూర్చోవడమే ఖరీదైన పని అని తేలింది. కార్డులు, కరపత్రాలు లాంటి చిల్లర పనులకి వచ్చే నెల మొదటి నుంచి కొత్త రేటు, బోర్డు ఇవాళే పెడుతున్నా. అద్దె మాత్రం నాకే పెరిగింది, అది కలపలేదు. ఇక రెండు పెద్ద పార్టీలతో ఏడాది ఒప్పందం ఉంది, మధ్యలో కదిలించలేను. రెన్యువల్‌లో ఏం రాయాలి? స్టీరింగ్ గారు చెప్పినట్టు కాగితానికి వేరే వరుస పెట్టొచ్చా?

స్టీరింగ్:
పెట్టొచ్చు. ఇలా రాయండి: "ఒప్పందం తేదీ నాటి మిల్లు ధర ఆధారం. కాగితం ధర 5 శాతానికి మించి పెరిగినా, తగ్గినా, ఆ తేడా మేరకు కాగితం వరుస మాత్రమే మారుతుంది. మిగతా రేట్లు ఏడాదంతా మారవు." ఏ మిల్లు, ఏ రకం కాగితం, ఏ జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువు) అన్నది కూడా అందులోనే రాయాలి, లేకపోతే తర్వాత దాని మీదే పేచీ.

కొనుగోళ్ల_విభాగం:
"తగ్గినా" అన్న మాట ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. నేనైతే సంతకానికి ముందు వెతికేది అదే. ఇంకోటి, పార్టీ రేటు మీద గట్టిగా పట్టుబడితే చెల్లింపు గడువు తగ్గించమని అడగండి. 60 రోజుల బదులు 30 రోజులకి డబ్బు ఇస్తామంటే రేటులో కాస్త వదులుకున్నా మీకు మేలు కావచ్చు, ఆ నెల రోజులకి ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ ఎంత కడుతున్నారో చూసుకోండి.

అచ్చుపని:
60 ఎక్కడండీ, 90 నడుస్తోంది. వడ్డీ ఈ లెక్కలో వేయనేలేదు, రాత్రికి కూర్చుంటాను.