నాలుగు రోజుల అహోబిలం – గండికోట – బేలం ప్రయాణం: యోగా సాధన తప్పకుండా, బరువు పెరగకుండా ఎలా?

వేపచెట్టు (ప్రశ్న)

డిసెంబరు చివర్లో నాలుగు రోజుల సెలవుంది. హైదరాబాద్ నుంచి మా ఆయన, నేను సొంత కారులో వెళ్తాం. అరకు, తిరుపతి, శ్రీశైలం ఈసారి వద్దనుకున్నాం. యాగంటి, బేలం గుహలు, గండికోట, అహోబిలం ఇదే వరుసలో చూసి తిరిగి రావాలని ఆలోచన.

నా వయసు 42, బరువు 78 కిలోలు. బీపీ, షుగరు లేవు. బరువు తగ్గడానికి రోజూ ఉదయం 45 నిమిషాలు యోగా చేస్తున్నాను: 12 సూర్యనమస్కారాలు, కొన్ని నిలబడి చేసే ఆసనాలు, కపాలభాతి (గాలిని బలంగా వదిలే శ్వాస సాధన). మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడే మోకాలి చిప్ప దగ్గర నొప్పి.

ఊళ్లో లేని ఆ నాలుగు రోజులూ ఏం చేస్తే సాధన పోదు? లాడ్జి గదిలో చాప లేకుండా కుదురుతుందా? అహోబిలం కొండ ఎక్కే రోజు కూడా ఆసనాలు వేయాలా? వరుసలో మార్పులేమైనా ఉంటే అవీ చెప్పండి.

---

కొండదారి

చోట్లు బాగా ఎంచుకున్నారండీ. వరుస మాత్రం తిప్పేయండి. అహోబిలం ఆఖరి రోజు పెట్టుకుంటే పొద్దున కొండ ఎక్కి దిగి, అలసిన కాళ్లతో ఆరేడు గంటలు కారులో కూర్చోవాలి. బండి నడిపేవాళ్లకు అది మరీ ప్రమాదం. పైగా కండరాల నొప్పులు అదే రోజు తెలియవు, మర్నాడు, ఆ మర్నాడు ముదురుతాయి. అందుకే కష్టమైన నడక ముందు, తేలికైనవి తర్వాత.

మొదటి రోజు తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం చేరండి. కర్నూలు దాటాక నంద్యాల దారిలో ఓర్వకల్లు రాతివనం దగ్గర అరగంట ఆగి కాళ్లు సాగదీసుకోండి. సాయంత్రం యోగానంద, ఛత్రవట నరసింహస్వామి గుళ్లు చూడండి. రెండూ దిగువ అహోబిలానికి దగ్గరే, బండి వెళ్తుంది. నరసింహుడు ప్రహ్లాదుడికి యోగం నేర్పింది యోగానంద క్షేత్రంలోనే అని స్థలపురాణం. మీకు అది ప్రత్యేకంగా నచ్చుతుంది.

రెండో రోజు ఎగువ అహోబిలం. ఏడు గంటలకల్లా నడక మొదలుపెట్టాలి. భవనాశి వాగు వెంట వెళ్తే ముందు వరాహ (క్రోడ) నరసింహస్వామి, ఆపైన మాలోల, జ్వాలా నరసింహస్వామి. దారి కొంత మెట్లు, కొంత రాళ్లు. రానుపోను నాలుగైదు గంటలు పెట్టుకోండి. ఉగ్రస్తంభం (నరసింహుడు చీల్చుకుని వచ్చిన స్తంభమని చెప్పే కొండకొమ్ము) వేరే లెక్క. పైభాగంలో మెట్లుండవు, చేతులతో పట్టుకుని బండలెక్కాలి. దిగేటప్పుడు నొప్పి వచ్చే మోకాలితో అటు వెళ్లొద్దు. పావన నరసింహస్వామి గుడికి అడవిలో జీపులు వెళ్తాయి, ఆ కుదుపులు నడుముకు మంచివి కావు. ఆ రాత్రి అహోబిలంలోనే పడుకోండి.

మూడో రోజు గండికోట. మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా మూడు గంటల పైమాట. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి అన్నీ కోట లోపలే, నడక చాలావరకు చదునే. డిసెంబరు ఆఖర్లో సూర్యాస్తమయం ఆరింటికి కాస్త ముందు, సూర్యోదయం ఆరున్నర దాటాక. లోయ అంచున అన్నిచోట్లా కంచె లేదు, బండలు వదులుగా ఉంటాయి. ఆ అంచు మీద ఒంటికాలిపై వృక్షాసనం వేసి ఫోటోలు తీసుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కింద పెన్నా దాకా సుమారు 300 అడుగుల లోతు.

నాలుగో రోజు పొద్దున్నే బేలం, అక్కడి నుంచి కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె మీదుగా యాగంటి, ఆపైన ఇంటికి. బేలం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నర. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు, 1980లలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది, జనానికి తెరిచింది 2002లో. గుహల్లో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ దాకా దిగి రండి, చాలామంది మధ్యలోనే వెనక్కి తిరుగుతారు. కొన్నిచోట్ల వంగి నడవాలి. నడుము వంచకండి, తుంటి, మోకాళ్లు కొద్దిగా మడిచి కిందికి కుంగండి.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల శిల్పం చూసితీరాల్సిందే, కానీ నాలుగు రోజుల్లో ఇరికిస్తే అన్నీ పరుగే. ఐదో రోజు దొరికితేనే పెట్టుకోండి.

---

చాపమీద

ముందు ఒక లెక్క. 78 కిలోల మనిషి 20 నిమిషాలు మామూలు వేగంతో సూర్యనమస్కారాలు చేస్తే ఖర్చయ్యేది 85 క్యాలరీల చుట్టూ. ఒక పెద్ద చెంచా నూనెలో 120 ఉంటాయి. అదే మనిషి కొండదారిలో ఎక్కుతూ గంట నడిస్తే 400 దాటుతుంది. కాబట్టి ఈ నాలుగు రోజుల్లో క్యాలరీల సంగతి నడక చూసుకుంటుంది. మీ ఆసనాల పని ఒళ్లు బిగుసుకోకుండా చూడటం, మోకాలిని కాపాడటం. బరువు తగ్గడంలో యోగా బలం కూడా అక్కడే: కండరం, నిద్ర, ఆకలి మీద అదుపు.

అసలు సాధన ఇప్పుడే, ప్రయాణానికి మూడు వారాల ముందే మొదలుకావాలి. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోస్తుంది. అలవాటు లేని కండరం త్వరగా అలిసిపోతుంది, ఆ భారం మోకాలి చిప్ప మీద పడుతుంది. రోజు మార్చి రోజు ఇవి చేయండి:

గోడకు వీపు ఆనించి ఉత్కటాసనం (కుర్చీలో కూర్చున్నట్టు), 30 సెకన్లు చొప్పున మూడుసార్లు. మోకాలు చీలమండ దాటి ముందుకు రాకూడదు. నొప్పి వస్తే తక్కువ లోతులో ఆగండి.

సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తడం) నెమ్మదిగా పది సార్లు. మడమలతో నేలను నొక్కుతూ లేవాలి. నడుముతో లేస్తే పిరుదుల కండరం పనిచేయదు, అది పనిచేయకపోతే దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది.

ఆరు అంగుళాల మెట్టు మీద నిలబడి, ఒక కాలిని ముందుకు చాచి మడమ నేలకు తగిలీ తగలనట్టు మూడు లెక్కల్లో దించి, మళ్లీ పైకి. ఒక్కో కాలికి పది. ఇది ఆసనం కాదు గానీ మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.

ఇక లాడ్జి గది. టైల్స్ నేల మీద దుప్పటి పరిస్తే జారుతుంది, కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు వంగే పార్శ్వకోణాసనంలో కాలు జారితే గజ్జల్లో కండరం పట్టేస్తుంది. నిలబడి చేసేవి ఒట్టి పాదాలతో నేల మీదే చేయండి. తువ్వాలు నాలుగు మడతలు వేసి మోకాళ్ల కింద మాత్రం వాడండి. అష్టాంగ నమస్కారంలో (సూర్యనమస్కారంలో మోకాళ్లు, ఛాతీ నేలకు ఆనించే భంగిమ) మోకాలు నేలకు కొట్టుకోకుండా అది చాలు. వెల్లకిలా చేసేవి మంచం మీద కాదు, మడిచిన దుప్పటి మీద. పరుపు కుంగితే సేతుబంధంలో మెడ మీద భారం పడుతుంది.

నిద్ర లేవగానే పాదహస్తాసనం (నిలబడి ముందుకు వంగి పాదాలు అందుకోవడం) లోతుగా వంగకండి. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య డిస్కుల్లో నీరు నిండి ఉబ్బి ఉంటాయి. ముందురోజు కారులో కూర్చుని వచ్చారు కూడా. అరగంట అటూ ఇటూ నడిచాక మొదలుపెట్టండి, మోకాళ్లు కొద్దిగా మడిచి వంగండి.

మామూలు రోజుకు 25 నిమిషాలు: చీలమండలు, మోకాళ్లు, భుజాలు కదిలించడం మూడు నిమిషాలు, నెమ్మదిగా ఆరు సూర్యనమస్కారాలు, వీరభద్రాసనం, త్రికోణాసనం రెండు వైపులా ఐదేసి శ్వాసలు, సేతుబంధం, వెల్లకిలా పడుకుని తువ్వాలు పాదానికి తగిలించి కాలు పైకి చాచే సుప్త పాదాంగుష్ఠాసనం, నాలుగు నిమిషాలు శవాసనం. భుజంగాసనంలో (బోర్లా పడుకుని ఛాతీ ఎత్తేది) భుజాలు చెవుల దగ్గరికి లేచిపోతుంటే మోచేతులు మడిచి ఛాతీ కొంచెం కిందికి దించండి.

కొండ ఎక్కే రోజు పొద్దున ఎనిమిది నిమిషాలు చాలు: తాడాసనం (నిటారుగా నిలబడటం), మడమలు ఎత్తి దించడం, అశ్వసంచలనం (ఒక కాలు వెనక్కి చాచి ముందుకాలు మడవడం) రెండు వైపులా. దిగి వచ్చాక సాయంత్రం గోడకు కాళ్లు చాపి విపరీతకరణి ఎనిమిది నిమిషాలు. మర్నాడు నొప్పిగా ఉన్న కండరాన్ని బలంగా సాగదీయకండి, అది చిరిగిన దారాన్ని లాగినట్టే.

కారులో రెండు గంటలకోసారి దిగాలి. బండి మీద చేతులు ఆనించి నడుము నిటారుగా ఉంచి సగం వంగడం, ఒక కాలు వెనక్కి చాచి తుంటి ముందుభాగం సాగదీయడం, ఐదు నిమిషాల పని.

---

ఉదయకిరణం

నాలుగు రోజులూ తిండి ఎక్కువవుతుంది కాబట్టి సూర్యనమస్కారాలు 12 నుంచి 24 చేసి, కపాలభాతి రెట్టింపు చేస్తే సరిపోతుంది కదా? బేలంలో ధ్యానమందిరం అని ఒక చోటుంది, అక్కడ ప్రాణాయామం చేస్తే బాగుంటుంది.

---

చాపమీద

ఉదయకిరణం గారూ, రెట్టింపు వద్దండి. నడక తోడయ్యే రోజుల్లో నమస్కారాలు పెంచితే మణికట్లు, భుజాలు, మోకాళ్లు అన్నీ ఒకేసారి అలిసిపోతాయి. కపాలభాతి కొవ్వు కరిగించదు. అది శ్వాసక్రియ, పొట్ట కండరాన్ని ఆడిస్తుంది, అంతే. గాలి వదలడం బలంగా, తీసుకోవడం దానంతటదే జరగాలి. చాలామంది రెండూ బలంగా చేసి తల తిరుగుతోందంటారు. భోజనం చేసి నాలుగు గంటలు గడవాలి, ప్రయాణంలో ఆ వేళ కుదరడమే కష్టం. గర్భిణులు, బీపీ, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు అసలు చేయకూడదు.

బేలం లోపల ఉక్కగా ఉంటుంది, చెమట కారిపోతుంది. నడిచి నడిచి ఒగరుస్తూ అక్కడ కపాలభాతి మొదలుపెడితే కళ్లు తిరుగుతాయి. కాసేపు కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకోండి, చాలు.

---

రాగిముద్ద

తిండి గురించి ఎవరూ రాయలేదు. బరువు పెరిగేది అక్కడే.

పొద్దున మా వైపు ఉగ్గాని, బజ్జీ. ఉగ్గాని బొరుగులతో చేసేది, దానికదే తేలిక. దాని పక్కన మిరపకాయ బజ్జీలు నాలుగు వస్తాయి, బరువంతా వాటిలోనే. ఒకటి తిని మిగతావి ఇచ్చేయండి. కారం దోసెలో ఎర్రకారంతో పాటు నూనె బాగా పోస్తారు, "నూనె తక్కువ" అని ముందే చెబితే వింటారు.

రాగి సంగటి తింటే బరువు తగ్గుతామని ఒక నమ్మకం. రాగిపిండి, బియ్యం క్యాలరీల్లో దాదాపు ఒకటే, పైగా సంగటిలో బియ్యం కూడా ఉంటుంది. రాగిలో పీచు, కాల్షియం ఎక్కువ, ఆకలి ఆలస్యంగా వేస్తుంది, లాభం అది. ఒక ముద్ద చాలు. రెండో ముద్ద బదులు పప్పో, ఆకుకూరో, నాటుకోడి పులుసులో ముక్కలో ఎక్కువ పెట్టించుకోండి. పులుసు పైన తేలే నూనె పక్కకు తీసేయండి.

అహోబిలంలో హోటళ్లు కొద్దే. ఎక్కేరోజు తినడానికి ఏమైనా ముందురాత్రే తెచ్చిపెట్టుకోండి. నడకకు గంట ముందు మూడు ఇడ్లీలు గానీ, రెండు అరటిపళ్లు గానీ. కడుపునిండా పులిహోర తిని ఎక్కితే ఆయాసం. దారికి గుప్పెడు వేయించిన శనగలు పెట్టుకోండి. వేరుశనగలైతే కొలిచి కట్టుకోండి, 100 గ్రాముల్లో 560 క్యాలరీలు దాటుతాయి. కోతులుంటాయి కాబట్టి సంచి మూసి ఉంచాలి, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకోకూడదు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లకు చేసినది, అరలీటరు సీసాలో మొత్తం వేయకండి, ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది. డిసెంబరు చలిలో మీకు దాని అవసరం పడకపోవచ్చు, దిగాక ఉప్పు వేసిన మజ్జిగ చాలు. (వేసవిలో వస్తే బనగానపల్లె మామిడి సొంతూర్లోనే తినొచ్చు. అప్పుడు కొండ మాత్రం ఎక్కలేరు, ఎండ అలాంటిది.)

---

వేపచెట్టు

అందరికీ చాలా కృతజ్ఞతలు. వరుస మార్చేశాం. ఇంకో రెండు సందేహాలు. దిగేటప్పుడు మోకాలికి పట్టీ వేసుకోవాలా? ఇంటికొచ్చాక బరువు ఎప్పుడు చూసుకోవాలి?

---

కొండదారి

పట్టీ కంటే కర్ర మేలు. బాగా నొప్పి ఉన్న కాలికి రెండోవైపు చేతిలో పట్టుకోండి. ముందు కర్ర కింది మెట్టు మీద పెట్టి, తర్వాత నొప్పి ఉన్న కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. అడుగులు చిన్నవిగా వేయండి, మోకాలు బిగబట్టకండి. వెడల్పు ఉన్నచోట నేరుగా కాకుండా ఏటవాలుగా అటూ ఇటూ దిగండి. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు. వేళ్ల ముందు అర అంగుళం ఖాళీ లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నలుగుతాయి. మెట్టు మెట్టుకూ నొప్పి పెరుగుతుంటే, లేదా మోకాలు వాస్తే, మాలోల దగ్గర నుంచే వెనక్కి తిరగండి. గుళ్ల వేళలు, దారి పరిస్థితి ముందురోజు సాయంత్రం దిగువలో అడిగి కనుక్కోండి. వీలైతే స్థానిక గైడును వెంట పెట్టుకోండి, అడవిలో అడ్డదారులున్నాయి.

---

చాపమీద

వచ్చిన మర్నాడు బరువు చూడకండి. బయట తిండిలో ఉప్పు, అన్నం ఎక్కువ. ఒంట్లో నిలవయ్యే ఒక్కో గ్రాము గ్లైకోజెన్ (కండరాలు, కాలేయం దాచుకునే పిండిపదార్థం) సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, దెబ్బతిన్న కండరం కూడా నీరు పట్టి ఉబ్బుతుంది. కిలో, కిలోన్నర ఎక్కువ కనిపిస్తే అది కొవ్వు కాదు. ఇంటి తిండి తింటూ ఐదో రోజు పొద్దున, పళ్లు తోముకున్నాక, ఏమీ తినకముందు చూడండి. ఈలోగా మొదటి రెండు రోజులు ఆరు నమస్కారాలే, మూడో రోజు నుంచి మీ పాత పన్నెండుకు వెళ్లండి. దిగేటప్పుడు వచ్చే ఆ నొప్పి ప్రయాణం తర్వాత రెండు వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి, అప్పటిదాకా వజ్రాసనం (మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం) ఆపేయండి.