వ్యసన విముక్తి కేంద్రంలో న్యూరోఫీడ్‌బ్యాక్: చికిత్సా, అదనపు బిల్లా?

గట్టుమీది కాకి: మద్యం మాన్పించడానికి మా తమ్ముణ్ణి ఒక వసతి కేంద్రంలో చేర్చబోతున్నాం. మందులు, కౌన్సెలింగ్‌తో పాటు న్యూరోఫీడ్‌బ్యాక్‌కు విడిగా డబ్బు కట్టమంటున్నారు. కట్టవచ్చా?

లెక్కల మాస్టారు: కట్టవద్దు. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, మెదడు తరంగాలను తెర మీద చూపిస్తూ, కోరిన తరంగం పెరిగినప్పుడల్లా ఒక శబ్దం వినిపించే సాధన అది. వ్యసన చికిత్సలో దీనికి పేరు తెచ్చిన 1989 నాటి పెనిస్టన్, కుల్కోస్కీల అధ్యయనంలో ఈ శిక్షణ పొందిన మద్యపాన బాధితులు పదిమందే.

సరయు: మాస్టారు గారు 1989 దగ్గరే ఆగిపోయారు. 2005లో అమెరికాలో ఒక వసతి కేంద్రంలోని 121 మందితో చేసిన అధ్యయనం అచ్చయింది. ఈ శిక్షణ పొందినవారిలో 77 శాతం మంది ఏడాది తర్వాత కూడా మత్తుకు దూరంగా ఉన్నారు. ఈ శిక్షణ లేని రెండో జట్టులో 44 శాతమే.

లెక్కల మాస్టారు: ఆ 77 శాతం శిక్షణ పూర్తి చేసినవారిలో మాత్రమే. మధ్యలో వెళ్లిపోయినవారిని పక్కన పెట్టి లెక్క వేస్తే ఏ చికిత్సయినా మెరుగ్గానే కనిపిస్తుంది. పైగా రెండో జట్టుకు నకిలీ శిక్షణ, అంటే అవే ఎలక్ట్రోడ్లు అంటించి తరంగాలతో సంబంధం లేని శబ్దాలు వినిపించడం, ఇవ్వలేదు, అదనపు సాధారణ చికిత్స ఇచ్చారు.

చింతచెట్టు: కౌన్సెలింగ్‌ను నకిలీ కౌన్సెలింగ్‌తో పోల్చి చూపమని ఎవరినైనా అడిగారా, మాస్టారూ?

లెక్కల మాస్టారు: కౌన్సెలింగ్‌కు యంత్రం అద్దె వేయరు కదండీ. ఆ 77 శాతం సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

సరయు: శాతాలు మీరే ఉంచుకోండి. మా ఆయన జుట్టులో ఎండిపోయిన ఎలక్ట్రోడు పేస్టును దువ్వెనతో తీసినదాన్ని నేను. పది నిమిషాలు ఒకచోట కూర్చోలేని మనిషి అక్కడ అరగంట కూర్చున్నారు, ఆ వారమే నిద్ర పట్టింది. మీరు ఆ కుర్చీలో కూర్చున్నారా?

లెక్కల మాస్టారు: నేను కూర్చోలేదు, మా అన్నయ్య కూర్చున్నాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి నలభై సెషన్లకు కట్టాం. ఇంటికి పంపేటప్పుడు తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటి మందు గురించి గానీ, మళ్లీ ఎప్పుడు రావాలో గానీ ఒక్క మాట చెప్పలేదు. మూడో వారంలో తాగాడు. అడిగితే, మెదడు ఇంకా సిద్ధం కాలేదు, మరో ఇరవై సెషన్లు కావాలన్నారు.

సరయు: అలాగైతే మీ కోపం యంత్రం మీద కాదు, చేయవలసిన పని చేయకుండా ఇంటికి పంపేసినవారి మీద. నాకు ఆ గ్రాఫు వల్ల జరిగిన మేలు వేరు. దాన్ని చూశాకే మా మామగారు కొడుకును "పొగరుబోతు" అనడం మానేశారు.

లెక్కల మాస్టారు: అంటే చికిత్స మీ మామగారికి జరిగిందన్నమాట. అది జబ్బని ఆయనకు డబ్బు తీసుకోకుండానే చెప్పవచ్చు.

సరయు: ఆరేళ్లు చెప్పాం. తెర మీద గీత కదిలేదాకా వినలేదు.

లెక్కల మాస్టారు: మా నాన్న ఆ గీత చూశాక, ఇక యంత్రమే చూసుకుంటుందని అన్నయ్యతో మాట్లాడటమే మానేశారు. నేను ఇంత మొండిగా వాదిస్తున్నది అందుకే.

గట్టుమీది కాకి: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంటికి పంపాక ఏ మందు వాడాలి, ఎవరు చూస్తారు అన్నది రేపు ముందుగా అడుగుతాను. సెషన్ల డబ్బు మాట ఆ తర్వాతే. నాన్నగారిని కూడా వెంట తీసుకువెళ్తున్నాను.