తాత బ్యాటరీ రేడియో మళ్ల పలుకుతదా? (నాలుగు వాల్వుల సెట్టు)

పరకాల పిలగాడు:
అన్నలకు నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. పాత ఇల్లు ఇప్పుతుంటే అటక మీద తాత రేడియో దొరికింది. ఊరికి కరెంటు రాకముందు కొన్నదట. పొద్దుమీకి అరుగు మీద పెడితే వాడకట్టంత వచ్చి కూసునేదని నానమ్మ చెప్తది. లోపల బొటనవేలంత గాజు వాల్వులు నాలుగున్నయ్: 1ఆర్5, 1టీ4, 1ఎస్5, 3ఎస్4. బ్యాటరీ లేదు, వెనక నాలుగు వైర్లు వేలాడుతున్నయ్. ఇంట్ల 12 వోల్టుల అడాప్టర్ ఉన్నది, దాంతోని నడుస్తదా? ఒక మెకానిక్కు లోపలిదంత పీకేసి బ్లూటూత్ పెడత అన్నడు. నాకు మనసొప్పలే.

హన్మకొండ పాత మెకానిక్:
మంచి పని చేసినవ్ తమ్మీ, ఎవ్వరికీ ఇయ్యకు. ఆ అడాప్టర్ మాత్రం సెట్టు దగ్గరికి తేకు. ఈ వాల్వులకు కాథోడు (ఎలక్ట్రాన్లు విడిచేది) వేరే ఉండదు, ఫిలమెంటే, అంటే లోపల వేడెక్కే సన్న తీగనే, కాథోడు. దానికి 1.4 వోల్టులు చాలు. 12 ఇచ్చినవంటే నాలుగూ ఒక్కసారే పోతయ్.

కరెంటు లేని ఇండ్ల కోసం పొదుపు చూసి కట్టిన సెట్టు ఇది. మొదటి మూడు వాల్వుల ఫిలమెంట్లకు 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున, 3ఎస్4కు 100, అన్నీ కలిపి 250. కరెంటు సెట్టుల 6.3 వోల్టుల చిన్న వాల్వు ఒక్కటే 300 తాగుతది. ఆ ఎలక్ట్రాన్లను గుంజుకునే ప్లేట్ల దిక్కు 90 వోల్టులు, అదీ పది మిల్లీలకు అటో ఇటో. 1920లల్ల సెట్లకు మూడు బ్యాటరీలు కావాలె: ఫిలమెంటుకు ఒకటి, ప్లేటుకు ఒకటి, గ్రిడ్డుకు (నడుమ ఎలక్ట్రాన్లను అదుపు చేసే జాలీ) మైనస్ ఇయ్యనీకి ఇంకొకటి. ఇట్లాంటి సెట్లల్ల ఆ మూడోదాన్ని తీసేసి, 90 వోల్టుల మైనస్ వైరుల చిన్న రెసిస్టరు పెట్టిన్రు. దాని మీద పడే వోల్టులే గ్రిడ్డుకు పోతయ్. ఎంత తెలివైన పనో చూడు.

ముందుగాల మీటర్ బీపర్ మీద పెట్టి, ఒక్కొక్క వాల్వు తీసి 1, 7 కాళ్ల నడుమ చూడు, బీప్ అంటే ఫిలమెంటు తెగలేనట్టు. 3ఎస్4కు 5వ కాలు ఫిలమెంటుకు నడిమిది, అటు 1తో, ఇటు 7తో చూడు. తర్వాత 1ఎస్5 ప్లేటు నుంచి 3ఎస్4 గ్రిడ్డుకు పోయే మైనం కాయితం కండెన్సర్ మార్చెయ్. అది లీకైతే చివరి వాల్వు ఊరికెనే కరెంటు గుంజుతది, బ్యాటరీ తొందరగ చస్తది.

నేను పని నేర్చుకునే రోజుల 90 వోల్టుల వైరు జారి ఫిలమెంటు కొసకు తాకింది. కన్ను మూసి తెరిచేలోపట నాలుగు వాల్వులు పోయినయ్. మా ఉస్తాద్ ఒక్క మాట అనలే. ఆ పూట బువ్వ మాత్రం తినలే. అప్పటిసంది 90 వోల్టుల మైనస్‌ల 1 కిలో ఓము రెసిస్టరు పెట్టకుంట ఏ సెట్టూ ముట్టలే. తప్పుగ తాకినా 90 మిల్లీలకు మించి పోదు, నాలుగు ఫిలమెంట్లు కలిసి దాన్ని తట్టుకుంటయ్.

హుజూరాబాద్ నుంచి:
తమ్మీ, 9 వోల్టుల బ్యాటరీలు పది ఒకదానికొకటి గుచ్చితే 90 వస్తది, నేను గట్లనే నడిపిస్తున్న. ఫిలమెంటుకు టార్చిలైటు పెద్ద సెల్లు ఒక్కటి. వాల్వు వెలుగుతలేదని భయపడకు. పగటిపూట ఏం కనవడదు, చీకట్ల కన్ను ఆనిచ్చి చూస్తె వెంట్రుకంత ఎర్ర గీత. ఏరియల్‌కు వేపచెట్టు దాక రాగి తీగ కట్టు. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద చూడు.

పరకాల పిలగాడు:
అన్నా, మూడు బీప్ అన్నయ్. 1టీ4 అనలే. నానమ్మ మంచం పక్కనే కూసోని చూస్తున్నది.

హన్మకొండ పాత మెకానిక్:
నా దగ్గర 1టీ4లు రెండున్నయ్, దాచిపెట్టిన. వాల్వు ఒక్కటే తేకు, సెట్టు మొత్తం పట్టుకొని రా. సాకెట్ కాళ్లు కూడ చూడాలె.