అప్‌డేట్: టార్గెట్ గ్రూప్ గొడవ తీరింది

కొత్త సర్వర్ లేచిన ప్రతిసారీ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) టార్గెట్ గ్రూప్‌లో, అంటే లోడ్ బ్యాలెన్సర్ రిక్వెస్టులను పంచే సర్వర్ల జాబితాలో, చేత్తో చేరుస్తున్నాను, టెర్రాఫార్మ్‌తో (ఇలాంటి సెట్టింగులను కోడ్‌గా రాసి నడిపే టూల్) చేయబోతే సర్వర్లన్నీ అన్‌హెల్తీ (బాగాలేవు) అంటోందని పోయిన వారం అడిగాను కదా. దొరికింది!

తప్పు నాదే. హెల్త్ చెక్ పాత్ (సర్వర్ బాగుందో లేదో చూడ్డానికి లోడ్ బ్యాలెన్సర్ అడిగే పేజీ చిరునామా) డిఫాల్ట్‌గా ఉత్త స్లాష్. మా యాప్‌లో అక్కడ కొడితే లాగిన్ పేజీకి పొమ్మనే 302 రీడైరెక్ట్ వస్తుంది. లోడ్ బ్యాలెన్సర్‌కేమో 200 (అంతా బాగుందనే కోడ్) వస్తేనే తృప్తి. లాగిన్ అక్కర్లేని చిన్న హెల్త్ పేజీ పెట్టి పాత్ మార్చాను, అంతే. సర్వర్లను చేర్చే పని ఆటో స్కేలింగ్ గ్రూప్‌కే (అవసరాన్ని బట్టి సర్వర్లను పెంచి తగ్గించేది) అప్పగించాను. అందుకోసం నేను రాసిన లూప్ మొత్తం తీసి పారేశాను, చూడ్డానికే సిగ్గుగా ఉంది.

ఇంకో దెబ్బ: పోర్ట్ మారిస్తే టెర్రాఫార్మ్ పాత గ్రూప్‌ను ముందు తీసేయబోయి, దాన్ని లిజనర్ (లోడ్ బ్యాలెన్సర్‌లో రిక్వెస్టులు అందుకునే భాగం) వాడుతోందని ఆగిపోయింది. క్రియేట్ బిఫోర్ డిస్ట్రాయ్ (కొత్తది పెట్టాకే పాతది తీసే సెట్టింగ్) పెట్టి, రెండు గ్రూపులకూ ఒకే పేరు రాకుండా పూర్తి పేరుకు బదులు నేమ్ ప్రిఫిక్స్ (పేరు మొదటి భాగం, 6 అక్షరాలు దాటకూడదు) ఇచ్చాక కదిలింది. సరిగ్గా అప్పుడే మా పర్లాకిమిడిలో కరెంటు పోయింది. లాప్‌టాప్ పట్టుకుని పాతపట్నంలో బావ ఇంటికి పరుగెత్తి, అక్కడ టెర్రాఫార్మ్ అప్లై (మార్పులను అమలు చేసే కమాండ్) కొట్టాను.

డీరిజిస్ట్రేషన్ డిలే (గ్రూప్‌లోంచి తీసే సర్వర్ చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించుకోడానికి ఇచ్చే గడువు) మాత్రం 300 సెకన్ల నుంచి 60కి తగ్గించాను. మా రిక్వెస్టులు చిన్నవే.